పాస్‌పోర్ట్ అడిగాకే చందా తీసుకుంటున్నాం

అనంతపురంలో నేను, ఇంకో ఇద్దరం కలిసి ఒక వార్తల వెబ్‌సైట్ నడుపుతున్నాం. దాంతో పాటే యూట్యూబ్ ఛానల్ కూడా ఉంది. మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది. అంతకుముందు పదకొండేళ్లు నేను ఒక దినపత్రికకు మండల కంట్రిబ్యూటర్‌గా పనిచేశాను. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బు మీద బతికినవాణ్ణి. ఆగస్టు 15 వస్తుందంటే చాలు, యాడ్స్ టార్గెట్ టెన్షన్ మొదలయ్యేది. నిన్న యాడ్ కోసం సర్పంచ్ ఇంటి ముందు నిలబడి, ఈరోజు అదే సర్పంచ్‌ను ఉపాధి హామీ మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) గురించి అడగాలంటే నోరు రాదు. ఆ బాధ పడలేకే బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నాం.

మేం రాసేవి పెద్ద పత్రికల్లో జిల్లా పేజీలో మూలన రెండు ముక్కలుగా వచ్చే విషయాలు. శెనక్కాయ రైతుకు బీమా ఎందుకు పడలేదు, బోరు ఎండిపోయిన ఊళ్లో నీళ్ల ట్యాంకర్ ఎన్ని రోజులకొకసారి వస్తోంది, రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఆడవాళ్లకు ఒక్కో ప్యాంటుకు ఎంత ముడుతోంది, ఇలాంటివి. చదివేవాళ్లు, చూసేవాళ్లు ఉన్నారు. డబ్బు మాత్రం లేదు. మా కెమెరా తమ్ముడు పెళ్లిళ్ల సీజన్‌లో వీడియోలు తీస్తాడు, నేను రాత్రిపూట అనువాదాలు చేస్తాను. సైట్ ఆ డబ్బుతోనే నడుస్తోంది.

2024 నవంబర్‌లో బెంగళూరులో ఉన్న స్నేహితుడు ఒక లింక్ పంపాడు. యూరప్‌లోని ఒక సంస్థ దక్షిణాసియాలో చిన్న స్థానిక వార్తల సైట్లకు గ్రాంట్ ఇస్తుందట. గరిష్ఠంగా 20 వేల యూరోలు. అప్పటి లెక్కలో దాదాపు 18 లక్షల రూపాయలు, ఏడాదిన్నర కాలానికి. ఆ అంకె చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా రిపోర్టరమ్మాయికి నెలనెలా జీతం ఇవ్వొచ్చు. ప్రతిసారీ బయట అడిగి తెచ్చుకోకుండా ఒక మంచి మైక్ కొనుక్కోవచ్చు. అప్లికేషన్‌కు నెల గడువుంది. ముగ్గురం కూర్చున్నాం.

అప్లికేషన్ మొత్తం ఇంగ్లిష్‌లో. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. భాష ఎలాగో నెట్టుకొచ్చాం గానీ, అసలు కష్టం ప్రశ్నల దగ్గర వచ్చింది. ‘మీ వార్తల వల్ల ఏం మారింది?’ అని ఒక ప్రశ్న. వార్త వేశాక మళ్లీ ఆ ఊరికి వెళ్లి ఏమైందో చూడటం మాకు అలవాటు లేదు, తర్వాతి వార్తకు పరుగెత్తడమే. ఈ ఒక్క ప్రశ్న కోసం పాత వార్తలన్నీ తీసి, ఫోన్లు చేసి కనుక్కున్నాం. కొన్నిచోట్ల ఏమీ కాలేదు. బెళుగుప్ప మండలంలో ఒక ఊళ్లో మాత్రం నలభై మందికి పైగా రైతుల పంట ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో ఎక్కలేదని మేం రాశాక, సిబ్బంది వచ్చి మళ్లీ నమోదు చేశారని తెలిసింది. ‘మీకు చెబుదామనుకున్యా అన్నా, నంబర్ పోయింది’ అన్నాడు ఆ ఊరి రైతు. ఏడాది తర్వాత తెలిసింది ఆ సంగతి.

రెండో ప్రశ్న ‘ఒక వార్తకు మీకు ఎంత ఖర్చవుతుంది?’. నాలుగేళ్లలో మేం ఎప్పుడూ వేసుకోని లెక్క ఇది. ఒక ఆదివారం సాయంత్రం తెల్లకాగితం ముందు పెట్టుకుని అదే బెళుగుప్ప వార్తకు లెక్క రాశాం. ఊరికి మూడుసార్లు వెళ్లాం. రానుపోను వంద కిలోమీటర్ల పైనే. బండి పెట్రోల్ 850. రైతుల 1బీ, అడంగల్ అనే భూమి రికార్డుల కాపీలకు, జిరాక్సులకు 300. ముగ్గురి తిండికి 450. వ్యవసాయ కార్యాలయం చుట్టూ ఒక పూట, బ్యాంకు దగ్గర ఒక పూట. నాకు నాలుగు రోజులు, రిపోర్టరమ్మాయికి రెండు రోజులు, ఎడిటింగ్‌కు రెండు రోజులు. రోజుకు 700 చొప్పున వేసుకుంటే అదొక 5,600. మొత్తం 7,200 రూపాయలు. ఆ వీడియోకు యూట్యూబ్ నుంచి వచ్చింది 212 రూపాయలు.

ఆ కాగితం చూసి మా రిపోర్టరమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘అన్నా, నాకు రోజుకు 700 అని రాశారు. నాకెప్పుడూ ఇయ్యలేదు కదా’ అంది. నిష్ఠూరంగా కాదు, ఉన్నమాట అంది. నేను తలెత్తలేకపోయాను. పత్రికలో ఉన్నప్పుడు కంట్రిబ్యూటర్లకు సరైన జీతం లేదని నేనే ఎన్నో మీటింగుల్లో మాట్లాడాను. నా సైట్‌లోనూ అదే జరుగుతోందని ఆ కాగితం చూశాకే తెలిసింది.

జనవరి మొదటి వారంలో మెయిల్ వచ్చింది. మొదటి వడపోతలో నెగ్గాం. రెండో దశకు ఇంకో ఫారం పంపారు. అందులో ఆరో ప్రశ్న ‘మీ దేశ చట్టం ప్రకారం విదేశీ నిధులు తీసుకునే అర్హత మీకుందా? ఆధారాలు జతచేయండి’. నిజానికి ఇది మొదటి రోజే చూసుకోవాల్సింది. ఎవరైనా ఇలాంటి గ్రాంట్‌కు అప్లై చేయాలనుకుంటే మొదట ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. మేం రెండు నెలల తర్వాత చూశాం.

సుభాష్ రోడ్డులో మాకు తెలిసిన సీఏ గారు ఉన్నారు. ఒకటి రెండు ట్రస్టుల లెక్కలు కూడా చూస్తారు. వెళ్లి విషయం చెప్పాను.

‘మీది పేపరా, ఛానలా?’ అన్నారు.

‘రెండూ కాదు సార్, వెబ్‌సైట్. యూట్యూబ్ ఉంది.’

‘అయితే వద్దు. ఆ డబ్బు ముట్టుకోవద్దు’ అంటూ కంప్యూటర్‌లో చట్టం తెరిచి నా వైపు తిప్పారు.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010. మన దగ్గర అందరూ ఎఫ్‌సీఆర్ఏ అంటారు. అందులో మూడో సెక్షన్ విదేశీ విరాళం ఎవరు తీసుకోకూడదో చెబుతుంది. ఎన్నికల్లో నిలబడే అభ్యర్థులు, ప్రభుత్వ ఉద్యోగులు, చట్టసభల సభ్యులు, రాజకీయ పార్టీలు. అదే వరుసలో రిజిస్టర్ అయిన వార్తాపత్రిక విలేకరి, కాలమిస్టు, కార్టూనిస్టు, సంపాదకుడు, యజమాని, ముద్రాపకుడు, ప్రచురణకర్త. మేం రిజిస్టర్డ్ పత్రిక కాదు కదా సార్ అన్నాను. ఆయన కిందికి జరిపారు. ఏ ఎలక్ట్రానిక్ పద్ధతిలోనైనా ఆడియో వార్తలు, ఆడియో విజువల్ వార్తలు, వర్తమాన విషయాల కార్యక్రమాలు తయారుచేసే లేదా ప్రసారం చేసే సంస్థలు, కంపెనీలు. ఆ కింద క్లాజులో వాటి విలేకరులు, సంపాదకులు, యజమానులు. అంటే సంస్థ పేరు మీద కాకపోతే నా సొంత పేరు మీద తీసుకుందామన్నా కుదరదు. ఉల్లంఘిస్తే ఐదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

‘వీడియోలు ఆపేసి రాతలు మాత్రమే పెడితే?’ అని అడిగాను. అప్పటికి నాకు ఆశ చావలేదు. ఆయన ఓపిగ్గా చెప్పారు. విరాళం తీసుకోవాలంటే కేంద్ర హోం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ కావాలి. రెండూ సాంస్కృతిక, ఆర్థిక, విద్యా, మత, సామాజిక కార్యక్రమాలు చేసే సంస్థలకు ఇస్తారు. రిజిస్ట్రేషన్‌కైతే సంస్థ పెట్టి మూడేళ్లు అయి ఉండాలి, గత మూడేళ్లలో అసలు కార్యక్రమాల మీద కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. 15 లక్షలు ఖర్చు పెట్టగలిగితే నేను ఆ సీఏ గారి ముందు ఎందుకు కూర్చుంటాను?

ఇంటికొచ్చి ఆ చట్టం మొత్తం చదివాను. దీనికి మూలం 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో వచ్చిన చట్టం. బయటి డబ్బు మన ఎన్నికల్లోకి, మన పత్రికల్లోకి రాకూడదన్నది దాని ఉద్దేశం. ఆ భయం ఉత్తదని నేను అనను. డబ్బిచ్చినవాడి మాట ఎంత బరువుగా ఉంటుందో యాడ్స్ కోసం తిరిగిన నాకు బాగా తెలుసు. కానీ ఒక విషయం మాత్రం నాకు మింగుడు పడలేదు. డిజిటల్ వార్తా సంస్థల్లో 26 శాతం దాకా విదేశీ పెట్టుబడికి, ప్రభుత్వ అనుమతితో, 2019లోనే దారి తెరిచారు. కోట్లతో నడిచే కంపెనీలో వాటా కొని, లాభంలో భాగం తీసుకుపోయే విదేశీ డబ్బుకు ఒక దారి ఉంది. బెళుగుప్పకు పెట్రోల్ పోసుకోవడానికి, ఒక అమ్మాయికి జీతం ఇవ్వడానికి, తిరిగి ఏమీ అడగని డబ్బుకు ఏ దారీ లేదు. ఇది న్యాయం కాదనే నా అభిప్రాయం. లెక్కలన్నీ ప్రభుత్వం ముందు పెడతాం, ఎవరిచ్చారో సైట్ మీద రాస్తాం, తనిఖీ చేసుకోండి అని చెప్పే చిన్న సంస్థలకైనా ఒక తలుపు ఉండాలి.

గ్రాంట్ సంస్థ వాళ్లతో వీడియో కాల్‌లో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ ప్రోగ్రాం ఆఫీసరమ్మ చాలా మర్యాదస్తురాలు. వేరే దేశాల్లో ఇలాంటి చిక్కు వస్తే ఏంచేస్తారో చెప్పింది. స్థానిక స్వచ్ఛంద సంస్థ ఒకటి డబ్బు తీసుకుని, అక్కడి నుంచి వార్తల సైట్‌కు ఇస్తుందట. మళ్లీ సుభాష్ రోడ్డుకు పోయాను. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్ఏ కింద వచ్చిన డబ్బును ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వడానికి లేదు అన్నారు సీఏ గారు. ఆ సవరణలోనే, వచ్చిన విరాళంలో పరిపాలన ఖర్చుకు వాడుకోగల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. దేశంలో ఏ మూలనున్న సంస్థ అయినా విదేశీ విరాళాన్ని మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోకే తీసుకోవాలని పెట్టారు. మా కోసం వార్తలతో సంబంధం లేని ఒక సేవా సంస్థ తన రిజిస్ట్రేషన్‌ను ఎందుకు పణంగా పెడుతుంది? అడగడానికి కూడా మనసొప్పలేదు.

ఇంకో మాట కూడా ఆ ప్రోగ్రాం ఆఫీసరమ్మే అంది. గ్రాంట్ అనకుండా సర్వీస్ కాంట్రాక్ట్ అని రాసుకుంటే? ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. మామూలు వ్యాపారంలో చేసిన పనికి, ఇచ్చిన సరుకుకు వచ్చే ఫీజును చట్టం విదేశీ విరాళంగా చూడదు. విదేశీ పత్రిక మీ దగ్గర ఒక వార్త రాయించుకుని పారితోషికం ఇస్తే అది మీ పనికి కూలి. ఇన్‌వాయిస్ ఇవ్వండి, బ్యాంకులో ఏ పనికి వచ్చిందో రాయండి, పన్ను కట్టండి, ధైర్యంగా తీసుకోండి. కానీ మా విషయంలో వాళ్లకు మేం చేసిపెట్టే పని ఏదీ లేదు. మా పని మేం చేసుకుంటాం, వాళ్లు సాయం చేస్తారు. దానికి కాంట్రాక్ట్ అని పేరు పెడితే అది దొంగ కాగితం అవుతుంది. ‘పేరు మారిస్తే డబ్బు మారదు’ అన్నారు సీఏ గారు. ముగ్గురం ఒక రాత్రి మాట్లాడుకున్నాం. దొంగ మస్టర్ల మీద వార్తలు రాసే మేం దొంగ కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టలేం అని మా రిపోర్టరమ్మాయే ముందు అంది. వద్దని రాసేద్దామనుకున్నాం.

రాసేలోపే వాళ్ల దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. గ్రాంట్ కార్యక్రమమే ఆపేస్తున్నామని. వాళ్ల నిధుల్లో కొంత భాగం అమెరికా ప్రభుత్వం నుంచి వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. 2025 జనవరి 20న ట్రంప్ పదవిలోకి వచ్చిన రోజే విదేశీ సాయాన్ని 90 రోజులు ఆపుతూ ఆదేశం ఇచ్చారు. మాకు రావాల్సింది ఏమీ లేదు కాబట్టి మా నష్టం సున్నా. కానీ ఆ వారం అంతా నేను దాని గురించే చదివాను. పత్రికా స్వేచ్ఛ కోసం పనిచేసే రిపోర్టర్స్ వితౌట్ బార్డర్స్ బయటపెట్టిన అంకెల ప్రకారం 2023లో అమెరికా ప్రభుత్వ విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ 6,200 మంది జర్నలిస్టులకు, 707 ప్రభుత్వేతర వార్తా సంస్థలకు శిక్షణ, సాయం అందించింది. 2025 బడ్జెట్‌లో స్వతంత్ర మీడియా, సమాచార స్వేచ్ఛ కోసం పెట్టింది 26.8 కోట్ల డాలర్లు. యుక్రెయిన్‌లో పదిలో తొమ్మిది వార్తా సంస్థలు ఇలాంటి సాయం మీదే ఆధారపడ్డాయట. యుద్ధం మధ్యలో ఊళ్లో ఏ రోడ్డు తెరిచి ఉందో చెప్పే సైట్‌కు ఒక సోమవారం పొద్దున జీతాల డబ్బు ఆగిపోవడం ఊహించుకోండి. జులై 1 నాటికి యూఎస్‌ఎయిడ్ అనే సంస్థే పని ముగించింది.

రెండు మూడు నెలల కింద ఆ డబ్బు కోసం నిద్ర లేకుండా ఉన్నవాణ్ణి. ఆ డబ్బే వచ్చి, దాని మీద ఒక అమ్మాయిని జీతానికి పెట్టుకుని, ఆరో నెలలో ఆగిపోయి ఉంటే ఏమయ్యేది అనుకుంటే గుండె జారింది.

ఆ తర్వాత కొన్ని నెలలకే మా ఊళ్లో ఎఫ్‌సీఆర్ఏ అనే మాట టీ బంకుల దాకా వచ్చింది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన సేవా సంస్థ ఆర్డీటీకి (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) విదేశీ నిధుల అనుమతి రెన్యువల్ చేయాలని జనం రోడ్డెక్కారు. బత్తలపల్లి ఆసుపత్రిలో పిల్లలు పుట్టినవాళ్లు, ఆర్డీటీ కట్టించిన ఇళ్లలో ఉంటున్నవాళ్లు ప్లకార్డులు పట్టుకుని నడిచారు. ఆ వార్తలు రాస్తున్నప్పుడు చట్టం నాకు కంఠతా వచ్చేసింది. మా గ్రాంట్ పోయినా ఆ చదువు ఇక్కడ పనికొచ్చింది.

ఏప్రిల్‌లో మేం ఆ తెల్లకాగితాన్ని ఫొటో తీసి సైట్‌లో పెట్టాం. 7,200 ఖర్చు, 212 ఆదాయం. ‘బెళుగుప్ప వార్తకు అయిన ఖర్చు ఇది. మీరు చందా ఇస్తే ఇలాంటివి ఇంకా రాస్తాం’ అని రెండు వాక్యాలు రాశాం. 1926లో పప్పూరు రామాచార్యులు గారు ఇదే ఊరి నుంచి శ్రీ సాధన పత్రిక తెచ్చారు. చందా అనే మాట ఈ ఊరికి కొత్త కాదు. వారంలో 140 మంది దాకా యూపీఐలో పంపారు. ఎక్కువ భాగం 50, 100. కళ్యాణదుర్గం నుంచి ఒకాయన 11 రూపాయలు పంపి, ‘పెన్షన్ వచ్చినాక మళ్లా వేస్తా’ అని మెసేజ్ పెట్టాడు. ఆ పదకొండు రూపాయలు తీసుకోవడానికి చేతులు వణికాయి. ఎవరి కోసం వార్తలు రాస్తున్నామో వాళ్ల దగ్గర డబ్బు లేదు. డబ్బున్నవాళ్లకు ఈ-క్రాప్ వార్తతో పని లేదు. ఈ ముడి మాకు ఇప్పటికీ విడలేదు.

పెద్ద మొత్తాలు బయటి దేశాల నుంచి వస్తామన్నాయి. అమెరికాలో ఉన్న మా జిల్లా డాక్టర్ గారు ఫోన్ చేసి లక్ష రూపాయలు పంపుతానన్నారు. మళ్లీ సుభాష్ రోడ్డు. అక్కడ తెలిసిన విషయం నన్ను ఆశ్చర్యపరిచింది. మనవాడు ఏ దేశంలో ఉన్నాడన్నది కాదు లెక్క, ఎవరి పాస్‌పోర్ట్ ఉందన్నది లెక్క. భారత పౌరుడు విదేశంలో సంపాదించిన సొంత డబ్బును మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, చేతిలో ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నా, ఆయన విదేశీ వ్యక్తే. తీసుకునే ముందు పాస్‌పోర్ట్ చూసుకోవడం మంచిదని హోం శాఖే సూచిస్తుంది.

డాక్టర్ గారిది అమెరికా పాస్‌పోర్ట్. చెప్పడానికి నోరు రాలేదు గానీ చెప్పాను. ‘నేను పుట్టింది పాతూరులో. మా నాయన సమాధి అక్కడే ఉంది. నేను విదేశీయుణ్ణా?’ అన్నారు. ఆయన గొంతులో బాధ నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ‘మా అమ్మ ఖాతాలో వేసి అక్కడి నుంచి ఇప్పిస్తా’ అన్నారు. అది కూడా వద్దండీ అన్నాను. చుట్టు తిప్పి తెచ్చినా అది ఆయన డబ్బే కదా.

కదిరి దగ్గరి పల్లె నుంచి కువైట్‌కు పోయి డ్రైవర్‌గా పనిచేస్తున్న ఒకాయన మాత్రం నెలకు 500 పంపుతానన్నాడు. ‘అన్నా, ఒక మాట అడగాల, ఏమీ అనుకోవద్దు. పాస్‌పోర్ట్ ఏ దేశానిది?’ అన్నాను. వెంటనే వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. అశోక స్తంభం ఉన్న నీలం అట్ట, మూలలు అరిగిపోయి ఉంది. ‘మనదే అన్నా. ఇంగేం కావాల?’ అన్నాడు. పదిహేనేళ్లుగా కువైట్‌లో ఉంటున్నాడట.

ఇప్పుడు నెలకు సగటున 23 వేలు వస్తున్నాయి. రిపోర్టరమ్మాయికి 12 వేలు ఇస్తున్నాం, ప్రతి నెలా ఒకటో తేదీన. రోజుకు 700 లెక్కన ఇవ్వాల్సిన దాంట్లో అది ఇంకా చాలా తక్కువ. ఎవరు ఎంత ఇచ్చారో, దేనికి పోయిందో ప్రతి నెలా సైట్‌లో పెడుతున్నాం. పెన్షన్ పెద్దాయన 11 రూపాయలు కూడా అందులో ఉంటాయి.

కువైట్ డ్రైవరన్న మూడో నెల డబ్బు వేసి ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. హంద్రీ-నీవా కాలువ నీళ్లు పక్క ఊరి చెరువుకు వచ్చాయట, తమ చెరువుకు రాలేదట, వచ్చి రాయమన్నాడు. ముగ్గురం దాని గురించి గంటసేపు వాదించుకున్నాం. డబ్బిచ్చినవాడు అడిగాడని పోతే, యాడ్ ఇచ్చిన సర్పంచ్‌కూ ఇతనికీ తేడా ఏముంది? అడగకపోయినా ఇది మేం రాయాల్సిన వార్తే కదా? చివరికి అతనికి ఇలా రాశాను. ‘అన్నా, వస్తాం. పక్క ఊరికి కూడా పోతాం, వాళ్లనూ అడుగుతాం. తప్పు మీ ఊరిదని తేలినా అదే రాస్తాం. సరేనా?’

రెండు రోజులు జవాబు రాలేదు. మూడో రోజు వచ్చింది. ‘రాయన్నా. మా సర్పంచ్ నంబర్ పంపుతాండా.’

వచ్చే బుధవారం పోతున్నాం. రానుపోను 180 కిలోమీటర్లు, పెట్రోల్ 450 అవుతుందని రిపోర్టరమ్మాయి అప్పుడే కాగితం మీద రాసింది.